జెండా లేని ఓటరు మాట

సభకు నమస్కారం.

నేను ఏ పార్టీ సభ్యుణ్ణీ కాను. మన తిరుపతిలో ఆ మాట అంటే ఎదుటివారు నా కులం కనుక్కొని, దాన్నిబట్టి నా పార్టీ ఏదో వాళ్లే తేల్చేస్తారు. అయినా 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151 స్థానాలు ఇచ్చి, 2024లో అదే పార్టీని 11కు దించింది జెండాలు మోసేవారు కాదు, ఏ జెండా పట్టని ఓటర్లే అని నా నమ్మకం.

మంచి ఎవరు చేసినా ఒప్పుకుందాం. గడప దగ్గరే పింఛను అందించే ఏర్పాటు గత ప్రభుత్వానిది; 2024 జూలై నుంచి వృద్ధుల పింఛను 4,000 రూపాయలు చేసి, వాలంటీర్లు లేకుండానే ఇంటికి చేరుస్తున్నది ఇప్పటి ప్రభుత్వం.

నన్ను బాధించేది ఫిరాయింపుల సంగతి. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తుపై గెలిచిన 23 మంది శాసనసభ్యులు తెలుగుదేశంలోకి వెళ్లారు. వారిలో మన పలమనేరు సభ్యుడితో సహా నలుగురు 2017లో మంత్రులయ్యారు. అప్పుడు ధర్మం గురించి మాట్లాడిన పార్టీ, తాను గద్దెనెక్కాక, రాజీనామా చేశాకే ఎవరినైనా చేర్చుకుంటామని సభలోనే చెప్పి, నలుగురు తెలుగుదేశం సభ్యులను రాజీనామా లేకుండానే తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ నలుగురిపైనా, వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి తెలుగుదేశం వైపు మారిన మరో నలుగురిపైనా అనర్హత వేటు పడింది 2024 ఫిబ్రవరిలో, అంటే ఎన్నికల ముంగిట. ఐదేళ్ల పదవీకాలం ముగియబోతుండగా వేసిన వేటు ఎవరికి శిక్ష? ఒక గుర్తు చూసి ఓటేసిన మనిషిని రెండు పార్టీలూ ఒకే రీతిన మోసం చేశాయి. మనం మాత్రం మనకు నచ్చని పార్టీ చేసినప్పుడే దాన్ని మోసమంటున్నాం.

ఇక తోతాపురి మామిడి. 2025లో కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. సోన కారుతున్న కాయలతో గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఆ 8 రూపాయలు చేతికి రాలేదని రైతులు మొత్తుకున్నారు. జూలైలో వైఎస్సార్ కాంగ్రెస్ అధినేత జగన్ బంగారుపాళెం మార్కెట్‌కు వస్తే, ఆ తరువాత చర్చంతా జనాన్ని ఎవరు ఆపారు, కాయలు రోడ్డుపై ఎవరు పోశారు అన్నదాని చుట్టూ తిరిగింది. ఫ్యాక్టరీలు ఒక్కటై ధర దించడం ఆ ఏడాదే మొదలైంది కాదు. దాన్ని ఆపే పని ఏ ప్రభుత్వమూ పట్టుదలగా చేయలేదు.

అందుకే ఈసారి మన ఇంటికి వచ్చే అభ్యర్థిని, ఏ పార్టీవాడైనా సరే, రెండు మాటలు అడగమని కోరుతున్నాను. గెలిచాక పార్టీ మారితే ముందు పదవికి రాజీనామా చేస్తారా? కోతలు మొదలయ్యేలోపే తోతాపురి ధర ప్రకటించి, ఇవ్వని ఫ్యాక్టరీపై చర్య తీసుకునేలా పట్టుబడతారా? జవాబు నోటిమాటగా వద్దు, కాగితంపై రాసి సంతకం చేసి ఇమ్మనండి.