బండి కడిగిన మర్నాడు బ్రేకు పట్టలేదు

యాంకర్: నమస్తే అండీ. దసరా దగ్గరికొచ్చేసింది, ఆయుధ పూజకి బళ్ళన్నీ తళతళలాడాలి కదా, అందుకే ఇవాళ ఫోన్లన్నీ బండి కడగడం గురించే. రావులపాలెంలో షెడ్డు నడిపే మన మెకానిక్ బాబాయ్ గారు స్టూడియోలో ఉన్నారు. హలో, చెప్పండి, ఎక్కడ నుంచి?

కాలర్: పాలకొల్లు దగ్గర నుంచండి. మొన్న బండిని వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చానండి. ఇంజను దగ్గర్నుంచి చక్రాల దాకా నల్లగా నిగనిగలాడిపోతా ఇచ్చాడు. తీరా మర్నాడు పొద్దున్న కాలవ గట్టు మీద గేదె అడ్డొస్తే ముందు బ్రేకు నొక్కాను, లీవరు గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగదే! గేదె తప్పుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే గుర్రపుడెక్కలో ఉందును.

మెకానిక్: బండి తెచ్చుకున్నాక డీజిల్ వాసనేమైనా వచ్చిందా?

కాలర్: వచ్చిందండి. వసారాలో పెట్టొద్దని మా ఆవిడ గొడవ కూడా చేసింది.

మెకానిక్: ఆవిడే కనిపెట్టారు. మీరు చూసిన నిగనిగ అదేనండి. కడిగాక మెరుపు కోసం గాలితో డీజిల్ కొడతారు కొందరు, అది బ్రేకు డిస్కు మీదా పడుతుంది, ఆ డిస్కుని పట్టి ఆపే ప్యాడ్లు పీల్చేసుకుంటాయి. నీళ్ళు తగిలితే రెండు మూడు సార్లు బ్రేకు నొక్కగానే ఆరిపోతాయి, నూనె అలా పోదు. పైన సాండ్‌పేపరు కొట్టి అవే ప్యాడ్లు వేసేవాళ్ళున్నారు, లోపల పీల్చింది వేడెక్కాక మళ్ళీ పైకొస్తుంది. డిస్కుని బ్రేక్ క్లీనర్‌తో తుడిపించి ప్యాడ్లు కొత్తవి వేయించండి, ఖర్చు చూసుకోవద్దు. అప్పటిదాకా బండి తీయకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి. ఇంకోటి, డీజిల్ తగిలిన రబ్బరు ఉబ్బి పాడైపోతుంది, పైగా దుమ్మంతా దానికే అంటుకుంటుంది. రెండు రోజుల మెరుపు కోసం ఎందుకండీ ఇదంతా?

కాలర్: అయితే ఇంట్లోనే కడుక్కోమంటారా?

మెకానిక్: హాయిగా. కాకపోతే ఊరి నుంచి రాగానే పైపు పట్టుకోకండి, ఇంజను మీద చెయ్యి ఆన్చగలిగేంత చల్లారాలి, కాలిన డిస్కు మీద చన్నీళ్ళు పడితే వంకర తిరిగే ప్రమాదం ఉంది. నీడలో పెట్టుకోండి. సైలెన్సర్ మూతికి ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేయండి, తాళం కన్నం మీద టేపు అంటించండి. మన ఒండ్రు బురద ఎండితే పెచ్చులా పట్టేస్తుంది, దాన్ని గీకారంటే పెయింటు కూడా లేచొస్తుంది. ముందు నీళ్ళు చల్లి పదినిమిషాలు వదిలేయండి, దానంతటదే మెత్తబడి జారుతుంది. బట్టల సబ్బుపొడి వద్దు, బండి షాంపూ చాలు. పైనుంచి కిందకి రావాలి, చక్రాలు తోమిన గుడ్డతో ట్యాంకు తుడిచారా, అందులో ఇసుక రేణువులుంటాయి, గీతలు పడతాయి.

యాంకర్: ఇప్పుడు ఇళ్ళల్లో కూడా ప్రెషర్ పంపులు కొంటున్నారు బాబాయ్ గారూ, వాటితో ఫరవాలేదా?

మెకానిక్: మడ్‌గార్డు లోపలి బురదకి మంచిదేనమ్మా. అదే ధార చక్రం మధ్యలో కొడితే బేరింగు సీలు దాటి నీళ్ళు లోపలికి పోతాయి, గ్రీజు పోతుంది. ఆ రోజు ఏమీ తెలీదు. కొన్నాళ్ళకి చక్రం గరగరమంటుంది, అప్పుడు టైరు మీద అనుమానపడతారు. హ్యాండిల్ మెడ, స్విచ్‌లు, వైర్ల సాకెట్లు, వీటి జోలికి పోకూడదు. ఇక కడగడం ఒక ఎత్తు, ఆరబెట్టడం ఇంకో ఎత్తు. మెత్తటి గుడ్డతో తుడిచి, సైలెన్సర్ కవరు తీసి, అది మర్చిపోతారు సుమా, ఇంజను కాసేపు నడవనిచ్చి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా ఓ కిలోమీటరు పోతూ రెండు బ్రేకులూ కొంచెం కొంచెం నొక్కుతూ ఉండాలి. డ్రమ్ బ్రేకుల్లో తడి ఆరడానికి ఇంకాస్త టైము పడుతుంది. తడి బండి మీద కవరు కప్పేసి మాత్రం పెట్టకండి.

యాంకర్: ఇంకో కాల్. చెప్పండమ్మా.

కాలర్: అంతర్వేది వైపు నుంచండి. నా స్కూటీ వారం వారం కడుగుతాను, అయినా కింద తుప్పేనండి. ఎందుకంటారు?

మెకానిక్: ఏ నీళ్ళతో కడుగుతున్నావమ్మా?

కాలర్: మా బోరు నీళ్ళతోనండి.

మెకానిక్: అన్నం వండుకుంటారా ఆ నీళ్ళతో?

కాలర్: అయ్యబాబోయ్, ఉప్పు కషాయమండి, నోట్లో పెట్టుకోలేం.

మెకానిక్: నోట్లో పెట్టుకోలేనివి బండికి పోస్తున్నావు. అసలే సముద్రపు గాలి, పైగా రొయ్యల చెరువుల బళ్ళు రోడ్డంతా ఉప్పునీళ్ళు కార్చుకుంటూ పోతాయి, ఆఖర్న నువ్వు కూడా ఉప్పే పోస్తే ఇనుము ఏం చేస్తుంది? మురికి బోరుతో వదిలించు, చివర్న రెండు బకెట్లు కుళాయి నీళ్ళో, పట్టి ఉంచుకున్న వాన నీళ్ళో పోసి, ఫుట్‌బోర్డు కింద కూడా పొడిగుడ్డతో తుడువు. ఇప్పటికే పట్టిన తుప్పు గీకించి రంగు వేయించాలి, కడిగితే పోదు.

యాంకర్: ఇంకో కాల్. అబ్బో, వెనకాల బండి శబ్దం వస్తోంది. ఎవరు బాబూ?

కాలర్: అమలాపురం అన్నయ్యా, ఇంటర్ చదువుతున్నా. చైను ఎలా తుడవాలి? ఫస్ట్ గేరులో పెట్టి గుడ్డ పట్టుకుంటే తొందరగా అయిపోతుందని మా ఫ్రెండ్...

మెకానిక్: ఆగు. ముందు ఇంజను ఆపు. ఆపావా?

కాలర్: ఆ... గుడ్డ పట్టుకున్నా అన్నయ్యా, ఒక్క నిమిషం...

మెకానిక్: గుడ్డ వదిలెయ్యి! తాళం తిప్పు!

యాంకర్: బాబాయ్ గారి ఎడమచేతి చూపుడువేలికి గోరు లేదు బాబూ, చివరి కణుపు సగం లేదు. ఇక్కడ నేను చూస్తున్నాను.

మెకానిక్: ఇరవై ఏళ్ళ వయసులో ఇలాగే, ఇదే పనికి. గుడ్డ పోగు పళ్ళ చక్రంలో చిక్కుకుంటే వేలు వెనక్కి లాక్కునే టైము కూడా ఉండదు. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్ చేసి, చక్రం చేత్తో తిప్పుకో. కిరసనాయిలు గుడ్డకే రాసుకో, డిస్కు మీద చిందకూడదు. ఆరాక చైను లోపలి వైపు స్ప్రే గానీ తొంబై నంబరు గేరు ఆయిలు గానీ కొంచెం వేసి, ఎక్కువైంది తుడిచెయ్యి. బండి ఆగిందా?

కాలర్: ఆపేశా అన్నయ్యా. తాళం జేబులో వేసుకున్నా.