దొరువు నీళ్ళ రుచి
(గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పట్టపుపాలెం నుంచి ఈ పూట వేట మానుకొని వచ్చిన అన్నదమ్ములకు, తలుపు దగ్గర నిలబడిపోయిన నా పాత శిష్యులకు నమస్కారాలు. శిష్యులు దయచేసి కూర్చోవాలి, నిలబెట్టే అధికారం నాకు పోయి తొమ్మిదేళ్ళయింది.

నన్ను ‘పుస్తక పఠనం ఆవశ్యకత’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఈ వారంలో నలుగురు వక్తలు దాని మీదనే మాట్లాడారు, వారు చెప్పినదాని కంటే ఎక్కువ నాకు తెలియదు. నేను మాట్లాడదలచినది ఈ గ్రంథాలయం మెట్ల ఎదుట ఉన్న మంచినీటి మడుగు, మన దొరువు గురించి. దానిని పూడ్చి, ఆ స్థలంలో మనకొక కొత్త గ్రంథాలయ భవనం కట్టాలనే ప్రతిపాదన వచ్చే గ్రామసభకు వస్తుందని విన్నాను. యాభై ఏళ్ళుగా ఈ గదిలో పత్రిక చదివినవాణ్ణి, కురిసినప్పుడల్లా బీరువాలకు పట్టాలు కప్పినవాణ్ణి నేను కొత్త భవనం వద్దంటానని ఎవరూ అనుకోరు. అయినా ఆ చోట వద్దని చెప్పడానికే ఈ సభను వాడుకుంటున్నాను, అధ్యక్షులు మన్నించాలి.

పదవీ విరమణ చేసినప్పటి నుంచి నేను రోజూ తెల్లవారుజామున తూర్పుగా నడుస్తాను. ఊరి దొరువు, సరుగుడు తోపులోని రెండు దొరువులు, ఆ తరువాత బకింగ్‌హామ్ కాలువ, కాలువ దాటితే ఏరు, ఏరు చివర అది సముద్రంలో కలిసే మొగ. పిల్లల పాఠ్యపుస్తకంలో లాగూన్ అని రాసిన దానిని మనం ఏరు అనే అంటాము, పేరు ఏదైనా సముద్రానికి అడ్డుగా ఉన్న ఇసక దిబ్బకూ ఇవతలి నేలకూ మధ్య నిలిచిన ఉప్పునీరే అది. పోనూ రానూ రెండు గంటలు పడుతుంది. మొదటి ఏడాది ఆరోగ్యం కోసం నడిచాను, తరువాత ఆ నీళ్ళను చూడడం కోసం నడుస్తున్నాను.

దొరువు అంటే ఏమిటో మన ఊళ్ళో చెప్పవలసిన అవసరం ఒకప్పుడు ఉండేది కాదు. కిందటి నెల ఒక కుర్రవాడు దానిని గుంట అన్నాడు, అందుకే చెబుతున్నాను. ఇసక నేలలో నిలువెత్తు కూడా తవ్వకముందే ఊరే తీపి నీటిని వాలు గట్లతో కాపాడుకొనే చిన్న మడుగు దొరువు. అర మైలు దూరంలో సముద్రం పెట్టుకొని ఇక్కడ నీరు తీయగా ఎందుకుంటుంది? ఇసకలో ఇంకిన వాన నీరు కింద ఉన్న ఉప్పు నీటి మీద తేలి ఉంటుంది కనుక. సముద్రపు నీరు మంచినీటి కంటే నూటికి రెండున్నర వంతులు బరువు. ఆ చిన్న తేడా మీదనే మన ఊరు బతికింది.

మా అమ్మ బడి మెట్లు ఎక్కలేదు. ఎండాకాలం దొరువులోకి దిగి ముంతతో మెల్లగా పైపైన ముంచి బిందె నింపేది. ఒకసారి తొందరపడి నేను బిందెనే నేరుగా లోతుకు ముంచబోతే నా చెయ్యి పట్టుకొని, “లోతు ముంచితే ఉప్పు లేస్తుందిరా అబ్బాయా, అది పడుకొని ఉంటుంది, లేపకూడదు” అన్నది. ఉప్పు పడుకొని ఉండడమేమిటని నవ్వుకున్నాను. ఉపాధ్యాయ శిక్షణ అయిన చాలా కాలానికి, ఇదే గదిలో ఒక భూగర్భజలాల పుస్తకం తిరగేస్తుంటే, 19వ శతాబ్దం చివర ఒక డచ్చి ఇంజనీరూ, 20వ శతాబ్దం మొదట ఒక జర్మన్ ఇంజనీరూ విడివిడిగా కనిపెట్టిన లెక్క కనబడింది. తీరపు ఇసకలో మంచినీటి మట్టం సముద్ర మట్టానికి ఒక అడుగు పైన ఉంటే, కింద సుమారు నలభై అడుగుల వరకు మంచినీరే ఉంటుంది. పైన ఒక అడుగు తోడేస్తే అడుగున ఉప్పు నలభై అడుగులు పైకి జరగడానికి చోటు దొరుకుతుంది. ఆ పుట మూసి, బయటికి వచ్చి, ఆ మెట్టు మీద కూర్చొని దొరువు వైపు చాలాసేపు చూశాను. మా అమ్మ అప్పటికి లేదు.

ఈ లెక్క తెలిస్తే మోటారు పెట్టి లోతు బోరులో నుంచి తోడడం ఈ ఇసకలో ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. బాపట్లలో ఉప్పునీటి మీద పని చేసిన వ్యవసాయ పరిశోధకులు కూడా దొరువును కొట్టివేయకుండా, ఇసకలో చిల్లుల గొట్టాలను అడ్డంగా పరచి పైపొర నీటినే ఒక బావిలోకి చేర్చే పద్ధతిని తయారు చేశారు. అది ముంతతో పైపైన ముంచడమే, కాకపోతే గొట్టాలతో.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1993లో సరుగుడు తోపు దిగువన మాకున్న ఎకరన్నరను నేనే రొయ్యల చెరువుకు కౌలుకిచ్చాను. ఆ రోజుల్లో టైగర్ రొయ్య ధర విన్నవారెవరైనా ఇచ్చేవారే. ఏటి నుంచి ఉప్పునీరు తోడి నింపారు. రెండో వేసవికి పక్కనున్న దొరువు నీరు నోట పెట్టుకోలేనట్టు అయింది, దాని గట్టు మీద పొగనారు పోసుకొనే కుటుంబం మళ్ళు వదిలేసుకొని వలస పోయింది. తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్య కూడా పోయింది. తీరంలో రొయ్యల సాగు మీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వార్తను, అందులో తాగునీటి బావులు ఉప్పబారడం గురించిన మాటలను, ఈ గదిలో పత్రికలో చదివాను. ఎవరో కంపెనీవాళ్ళ సంగతి అన్నట్టు చుట్టూ ఉన్నవారు మాట్లాడుకున్నారు. నేను తల ఎత్తలేదు. ఆ దొరువు ఇప్పటికీ ఉప్పగానే ఉంది. రోజూ దాని పక్కగానే నడుస్తాను.

2004 డిసెంబరు 26న సునామీ నీరు మన ఊరి దొరువులోకి కూడా వచ్చింది. కానీ మీరంతా కలిసి తోడారు, తరువాతి ఈశాన్య వానలు కడిగాయి, మళ్ళీ తీపెక్కింది. సముద్రం ఒకసారి వచ్చి పోయింది కనుక వానలు దానిని కడగగలిగాయి. నేను కౌలుకిచ్చిన చెరువులో ఉప్పునీరు రోజూ నిలబడి రోజూ కిందికి దిగింది.

కాలువ గురించి ఎక్కువ చెప్పను. పెదగంజాం నుంచి చెన్నపట్నం దాటి మరక్కాణం దాకా పడవలు తిరిగిన ఆ నీటి బాటలో ఇప్పుడు గుర్రపుడెక్క తిరుగుతోంది. ఏటి గురించి మాత్రం పట్టపుపాలెం వారు నాకంటే బాగా చెప్పగలరు. కార్తెలు మారి వానలు పడి ఏరు నిండితే మొగ తెగుతుంది, సముద్రపు పోటుతో రొయ్య పిల్ల లోపలికి వస్తుంది. మొగ ఇసకతో మూసుకుంటే ఏరు కుళ్ళుతుంది, వలలో ఏమీ పడదు. పులికాట్ సరస్సు అంతటిదానికి కూడా రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర ముఖద్వారాలు పూడిపోతున్నాయని అక్కడి జాలర్లు ఏళ్ళ తరబడి మొర పెట్టుకుంటున్నారు. రాయదొరువు అన్న ఆ పేరును గమనించారా? ఉప్పు సరస్సు ఒడ్డున కూడా పూర్వులు ఊరికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు తీపి నీటినే గుర్తుపెట్టుకున్నారు.

పక్షులను చూడడానికి మన పిల్లలను బస్సులో నేలపట్టు తీసుకువెళ్ళారు, సంతోషం. అక్కడి గూడబాతులంతటివి మనకు లేవు గానీ, ఈ నెలలో సరుగుడు తోపు దొరువు దగ్గర ఉల్లంకి పిట్టలు వాలుతున్నాయి. వాటికి బస్సు అక్కరలేదు.

ఊరి దొరువును కాపాడమని ఒక కార్యాలయానికి అర్జీ పట్టుకొని వెళ్ళాను. రికార్డులో అది దొరువని లేదు, ఇసక పోరంబోకు అని ఉంది. “మాస్టారూ, కాగితంలో లేని నీటిని మేమెట్లా కాపాడతాం?” అని అక్కడివారు మర్యాదగానే అడిగారు. చిత్తడి నేలల రక్షణకు 2017లో నియమాలు వచ్చాయి కదా అన్నాను. ఇంటికి వచ్చి చదివితే, తాగునీటి కోసం మనుషులు తవ్వుకున్నవి వాటి కిందికి రావని తేలింది. తాతలు తాగడానికి తవ్వినందువల్లనే దొరువుకు ఆ రక్షణ లేకుండా పోయింది! అయితే గ్రామ ఉమ్మడి భూములను, చెరువులను ఆక్రమణల నుంచి విడిపించాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఒకటి ఉంది. దాని నకలు తెచ్చి గ్రంథాలయాధికారి బల్ల మీద పెట్టాను, చదవండి. పుస్తక పఠనం ఆవశ్యకత గురించి నేను చెప్పవలసినది కూడా ఇంతే.

అమ్మా, ముందు వరసలో ఉన్న ఆడపడుచులను అడుగుతున్నాను. మోటారు చెడిన రోజు, తుపానుకు కరెంటు పోయిన వారం, మీరు బిందె పట్టుకొని ఎక్కడికి వచ్చారు? ఆ మాట గ్రామసభలో మీ నోటితో చెప్పండి, నేను చెబితే మాస్టారి చాదస్తం అంటారు. భవనానికి పాత చావడి స్థలం ఉంది. కొంచెం ఇరుకు, నిజమే, రెండు అంతస్తులు వేసుకుందాం. రికార్డులో పోరంబోకు పక్కన ‘దొరువు’ అనే మూడక్షరాలు చేర్చాలని తీర్మానం ముసాయిదా రాసి తెచ్చాను, సంతకాలకు ఈ బల్ల మీదనే ఉంటుంది.

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి ఈ మెట్ల దగ్గర నుంచి బయలుదేరుతాను. రాదలచినవారు చెప్పులు ఇంట్లో వదిలి, ఒక్కొక్కరు ఒక గ్లాసు తెచ్చుకోండి. ముందు ఊరి దొరువు నీళ్ళు తాగుదాం, ఆ తరువాత నేను కౌలుకిచ్చిన చేను పక్క దొరువు నీళ్ళు మొదట నేను తాగుతాను.