ఇంటి నుంచి పని: మిగిలిన గంటలు ఎవరివి?

అందరికీ నమస్కారం.

ఇంట్లో కూర్చుంటే పని ఎక్కువ జరుగుతుందా, తక్కువా? 2020 లాక్‌డౌన్‌తో హైటెక్ సిటీ ఆఫీసులు ఖాళీ అయినప్పుడు మొదలైన ఈ వాదన ఇంకా తెగలేదు.

కోవిడ్‌కు ముందే, 2010లో, చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ దీన్ని పరీక్షించి చూసింది. కాల్ సెంటర్‌లో ఇంటి నుంచి పనిచేస్తామని ముందుకొచ్చినవాళ్లలో సరి సంఖ్య తేదీల్లో పుట్టినవాళ్లతో తొమ్మిది నెలలు ఇంటి నుంచి పనిచేయించారు, మిగతావాళ్లను ఆఫీసులోనే ఉంచారు. స్టాన్‌ఫోర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం లెక్క కట్టింది. పనితీరు 13 శాతం పెరిగింది. ఈ అంకెను అందరూ చెబుతారు. ఆ 13లో 9 వచ్చింది ఎక్కువ నిమిషాలు పనిచేయడం వల్లేనని మాత్రం చెప్పరు. విరామాలు తగ్గాయి, సిక్ లీవులూ తగ్గాయి. ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి పడిపోయారు, అది మంచి మాటే. అయినా ప్రయోగం ముగిశాక దాదాపు సగం మంది ఆఫీసుకే వస్తామన్నారు. ప్రధాన కారణం ఒంటరితనం.

చెన్నైలో డేటా ఎంట్రీ ఉద్యోగులపై జరిగిన అధ్యయనంలో ఫలితం తిరగబడింది. ఇంట్లో ఉత్పాదకత 18 శాతం తక్కువ. ఇల్లే కావాలని కోరుకున్నవాళ్లు ఇంకా వెనకబడ్డారు. వాళ్లను బద్ధకస్తులని అనకండి. పిల్లల బాధ్యత, ఇంటి బాధ్యత మీద ఉన్నవాళ్లలోనే ఈ తేడా ఎక్కువగా కనిపించింది. అలాంటి ఒక అమ్మాయిని ఊహించుకోండి. మంచం మీద లాప్‌టాప్, పక్కన చంటిపిల్ల. వంటింట్లో కుక్కర్ కూత పెడితే కాల్ మ్యూట్ చేసి పరుగెత్తాలి. తిరిగొచ్చేలోపు ఆఫీసు యాప్ టీమ్స్‌లో పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పసుపు రంగుకు మారి, సీట్లో లేనట్టు చూపిస్తోందేమోనని టెన్షన్. "ఇంట్లోనే ఉన్నావుగా" అని ఇంకో పని చెబుతారు. ఆ అమ్మాయి రోజంతా రెండు ఉద్యోగాలు చేస్తోంది.

మరి దారేమిటి? అదే చైనా కంపెనీలో తర్వాత 1,600 మందికి పైగా ఉద్యోగులపై మరో ప్రయోగం చేశారు, 2024లో ఫలితాలు వచ్చాయి. వారంలో రెండు రోజులు ఇల్లు, మూడు రోజులు ఆఫీసు. పనితీరు, ప్రమోషన్లు ఏమీ తగ్గలేదు. మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు, ముఖ్యంగా ఆడవాళ్లు, దూరం నుంచి వచ్చేవాళ్లు. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజూ వచ్చిపోయేవాళ్లకు ఆ రెండు రోజుల విలువ నేను చెప్పక్కర్లేదు.

నా పట్టుదల ఒక్కటే. ప్రయాణంలో మిగిలిన సమయం ఉద్యోగిది. అందులోకి మీటింగులు నెట్టకండి. మేనేజర్లూ, పని ముగిసే వేళ ఏమిటో మీ టీమ్‌కు ఈ వారమే రాతపూర్వకంగా చెప్పండి, ముందు మీరే లాగౌట్ అవ్వండి.