సోలార్ కంటే ముందు ఫుట్ వాల్వ్: చిన్న ఫ్యాక్టరీలో కార్బన్ ఎలా తగ్గించాలి?

అందరికీ నమస్కారం. వెనక ఒక మోటార్ శబ్దం వినిపిస్తోంది కదా? దాన్ని అలాగే ఉండనివ్వండి, దాని గురించే మాట్లాడబోతున్నాం. నేనిప్పుడు కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఉన్నాను. టైం పన్నెండు ఇరవై. ఒంటిగంటకు అందరూ అన్నానికి పోతారు. ఆ లోపల మనం రెండు లెక్కలు వేసుకుందాం.

ఈ ఫ్యాక్టరీ ఓనర్‌తో మొదటిసారి కార్బన్ గురించి మాట్లాడినప్పుడు ఆయన నన్ను లోపలంతా తిప్పి చూపించి, "మా దగ్గర పొగ ఏడుందన్నా? అంతా నీళ్ళూ, బండలే గదా" అన్నారు. నిజమే, ఇక్కడ పొయ్యి లేదు, బాయిలర్ లేదు. కానీ ముద్దనూరు వైపు పోతే ఆర్టీపీపీ, అంటే రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్ చిమ్నీలు కనపడతాయి. 1650 మెగావాట్ల బొగ్గు ప్లాంటు. మన తీగల్లోకి వచ్చేది ఒక్క ఆర్టీపీపీ కరెంటే కాదు, దేశంలోని బొగ్గు, గాలి, ఎండ, నీళ్ళు అన్నీ కలిసిన కరెంటు వస్తుంది. అన్నీ కలిపి సగటు తీస్తే ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కకొస్తుంది. మన పొగ మన గేటు బయట ఉంది, అంతే. మీటర్ తిరిగినంతసేపూ అక్కడ బొగ్గు కాలుతూనే ఉంటుంది.

ముందు కరెంటు బిల్లు తీయండి. నేను పోయిన ప్రతి చోటా మొదట అడిగేది అదే, పన్నెండు నెలల బిల్లులు. వాటితో పాటు డీజిల్ పుస్తకం. జనరేటర్, ట్రాక్టర్, క్రేన్, దేనికి పోసినా ఆ లీటర్లన్నీ కావాలి. లీటర్ డీజిల్‌కు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. లీటర్ డీజిల్ బరువే కిలో లేదు, 2.7 కిలోలు ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్న. డీజిల్‌లో ఉన్న కార్బన్ కాలేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, ఆ బరువు కూడా కలుస్తుంది. క్యాంటీన్‌లోనో హోటల్‌లోనో వాడే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ అయితే ఒక్కోదానికి సుమారు 57 కిలోలు రాసుకోండి.

ఒక నెల లెక్క వేసి చూద్దాం. 6000 యూనిట్ల కరెంటు, 200 లీటర్ల డీజిల్ అనుకోండి. కరెంటుకు 4200 కిలోలు, డీజిల్‌కు 540. మొత్తం 4740 కిలోలు. ఇక్కడితో ఆపేస్తే లెక్క సగమే. ఆ నెల ఎన్ని అడుగుల బండ పాలిష్ అయి బయటికి పోయిందో దాంతో భాగించండి. 50,000 అడుగులైతే అడుగుకు 95 గ్రాములు. మీరు నెల నెలా చూడాల్సిన నంబర్ ఇదే. ఎందుకంటే ఆర్డర్లు లేని నెలలో మొత్తం కార్బన్ దానంతటదే తగ్గుతుంది. వ్యాపారం పడిపోవడం వల్ల తగ్గినదాన్ని మనం తగ్గించామని చెప్పుకోకూడదు. పప్పు మిల్లు అయితే క్వింటాల్‌తో, మగ్గాలైతే మీటర్లతో భాగించుకోండి.

ఈ లెక్క ఇప్పుడెందుకు? ఒక కారణం, అడిగేవాళ్ళు వచ్చారు. స్టాక్ మార్కెట్‌ను చూసుకునే సెబీ రూల్ ప్రకారం దేశంలోని పెద్ద 1000 లిస్టెడ్ కంపెనీలు ప్రతి ఏడాదీ పర్యావరణం మీద రిపోర్ట్ ఇవ్వాలి. వాళ్ళు తమకు సరుకు ఇచ్చేవాళ్ళను కూడా అడగడం మొదలైంది. ఇంకో మాట. యూరప్ కార్బన్ పన్ను బండల మీద కూడా పడుతుందని మిమ్మల్ని భయపెట్టేవాళ్ళు ఉంటారు. 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఆ పన్ను సిమెంట్, ఇనుము, ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు వీటికి సంబంధించింది. నాపరాయి అందులో లేదు. టెన్షన్ పడి ఎవరికీ డబ్బులు కట్టకండి.

ఇప్పుడు ఈ శబ్దం దగ్గరికి వద్దాం.

ఇది నీళ్ళ పంపు, 5 హెచ్‌పీ. పాలిష్ మిషన్‌కూ, కటింగ్ బ్లేడుకూ నీళ్ళు ఇస్తుంది. ఆ తెల్లటి బురద నీళ్ళు అటు తొట్టిలోకి పోయి, పేరుకుని, తేట నీళ్ళు మళ్ళీ ఇటు వస్తాయి. ఎలక్ట్రీషియన్ తమ్ముడు టాంగ్ టెస్టర్ పెడుతున్నాడు చూడండి, వైర్ చుట్టూ పట్టి కరెంటు ఎంత పోతోందో చూపించే మీటర్ అది. మూడు వైర్లనూ కలిపి కాదు, ఒక్క ఫేజ్ వైర్‌ను మాత్రమే పట్టుకోవాలి. 7 ఆంపియర్లు. త్రీ ఫేజ్‌లో అది గంటకు దాదాపు 4 యూనిట్లు.

పని జరిగేటప్పుడు ఆ 4 యూనిట్లు తప్పవు. కానీ ఇక్కడ రెండు రోజులు కూర్చుని గమనిస్తే, మిషన్లు ఆగినా పంపు ఆగడం లేదు. అన్నం టైంలో గంట, పొద్దున టీకి అరగంట, సాయంత్రం అరగంట. రోజుకు రెండు గంటలు, అంటే 8 యూనిట్లు. నెలకు 25 పనిదినాలైతే 200 యూనిట్లు. ఏడాదికి 2400 యూనిట్లు, దాదాపు 1700 కిలోల కార్బన్. యూనిట్ అన్ని ఛార్జీలతో 7 రూపాయలు అనుకున్నా 16,800 రూపాయలు. బండ తడవకుండా, ఎవరికీ ఉపయోగపడకుండా పోయింది.

ఓనర్ వెంటనే పనివాళ్ళ మీద కేకలు వేయబోయారు. నేను వద్దన్నాను. అక్కడున్న పెద్దాయనను అడిగాం, ఎందుకు ఆపడం లేదని. ఆయన చెప్పిన మాట వినండి: "ఆపితే నీళ్ళు దిగిపోతాయి సార్. మళ్ళా బకెట్లతో పోసి ఎక్కించాలంటే పావుగంట పడ్తాది. ఆ పావుగంట మిషన్ నిలబడితే మమ్మల్నే అంటారు."

ఆయన చేసింది పూర్తిగా సరైన పని. తప్పు తొట్టి అడుగున ఉన్న ఫుట్ వాల్వ్‌ది. రాతి పొడి పట్టి అది సరిగ్గా మూసుకోవడం లేదు, పంపు ఆపగానే పైపులో నీళ్ళన్నీ వెనక్కి పోతున్నాయి. ఈ పొద్దున కొత్త ఫుట్ వాల్వ్ బిగించాం, దానికి జాలీ కట్టి తొట్టి అడుగు నుంచి జానెడు పైకి లేపాం. కొన్ని వందల రూపాయల సామాను. అందుకే, ఎక్కడ కరెంటు వృథా కనపడినా, ఆ మనిషి ఎందుకలా చేస్తున్నాడో అడగకుండా ఆర్డర్ వేయకండి. జవాబు దాదాపుగా ఏదో ఒక రిపేర్ దగ్గర తేలుతుంది.

ఇప్పుడు చూపించే క్లిప్ పోయిన వారం ప్రొద్దుటూరులో ఒక పప్పు మిల్లులో తీసింది. అక్కడ చెడ్డ గింజలను ఏరేసే సార్టెక్స్ మిషన్‌కు గాలి కావాలి, దానికి కంప్రెసర్ ఉంది. మిల్లు ఆపేశాక కంప్రెసర్ ఒక్కటే ఆన్‌లో ఉంచాం. గాలి వాడేవాళ్ళు ఎవరూ లేరు, అయినా కంప్రెసర్ ఒక నిమిషం లోడ్ తీసుకుంటోంది, మూడు నిమిషాలు ఊరుకుంటోంది, మళ్ళీ లోడ్ తీసుకుంటోంది. నాలుగు నిమిషాల్లో ఒక నిమిషం అంటే, కంప్రెసర్ ఇచ్చే గాలిలో 25 శాతం లీకుల్లో పోతోంది. సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు, ఈ టెస్ట్ మీరే చేసుకోవచ్చు. తర్వాత సబ్బు నీళ్ళు తీసుకుని జాయింట్ల మీద పూయండి. చూడండి, ఈ పైపు క్లిప్పు దగ్గర బుడగలు ఎలా లేస్తున్నాయో. ఇంకొకటి, మిషన్‌కు 6 కేజీల ప్రెజర్ చాలినప్పుడు 8 పెట్టి నడపడం దండగ. ఒక్కో కేజీ తగ్గిస్తే కంప్రెసర్ కరెంటు 6, 7 శాతం తగ్గుతుంది.

మోటార్ కాలిపోతే? వైండింగ్ షాపుకు పంపడం మనకు అలవాటు. 10 హెచ్‌పీ మోటార్ తీసుకోండి. ఐఈ అనేది మోటార్ సామర్థ్యం గ్రేడు. పాతకాలం ఐఈ1 రకం ఫుల్ లోడ్‌లో 86 శాతం సామర్థ్యం ఇస్తుంది, ఐఈ3 రకం 90.4 ఇస్తుంది. ఫుల్ లోడ్ మీద ఏడాదికి 3000 గంటలు తిరిగితే తేడా సుమారు 1270 యూనిట్లు, దాదాపు 890 కిలోల కార్బన్. వైండింగ్ సరిగ్గా చేయకపోతే ప్రతిసారీ సామర్థ్యం ఒకటి, రెండు శాతం పడిపోతుంది కూడా. నడుస్తున్న మోటార్లన్నీ రేపే మార్చమని నేను చెప్పను. రోజంతా తిరిగే మోటార్ ఈసారి కాలినప్పుడు మాత్రం వైండింగ్‌కు పెట్టే డబ్బును కొత్తదానిలో కలపండి. రోజుకు అరగంట తిరిగేదాన్ని వైండింగ్ చేయించుకోండి, ఏమీ కాదు.

పవర్ ఫ్యాక్టర్ గురించి ఒక్క మాట. లైన్ నుంచి తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు అది. మీ బిల్లులో కేవీఏహెచ్ (పనికిరాని వంతు కూడా కలిపిన లెక్క) ప్రకారం వేస్తుంటే, ఆ వంతును సరిచేసే కెపాసిటర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూపించుకోండి, బిల్లు తగ్గుతుంది. కానీ దాన్ని కార్బన్ తగ్గుదలగా రాసుకోకండి. అందులో కార్బన్ లాభం తక్కువే, డబ్బు లాభమే ఎక్కువ.

ఇక సోలార్. ఆఖర్న ఎందుకు చెబుతున్నానంటే, ఆఖర్నే పెట్టాలి కాబట్టి. కర్నూలు, అనంతపురం, కడప ఎండకు కొదవ లేదు. ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కే ఉంది. మన కప్పు మీద కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి, నీడ లేని వంద చదరపు అడుగులు కావాలి. అయితే పంపు, గాలి లీకులు సరిచేయకముందే ప్లాంట్ సైజు లెక్కేస్తే, వృథాకు కూడా ప్యానెల్స్ కొన్నట్టే.

మా చిన్నాయన నూనె మిల్లులో జరిగింది చెప్తాను. సోలార్ అమ్మినవాళ్ళు ఇక జనరేటర్ అవసరం లేదన్నారట, ఆయన నమ్మారు. నెల తిరక్కుండానే మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. నెత్తిన ఎండ మండుతోంది, సోలార్ కూడా ఆగిపోయింది. శెనక్కాయ విత్తనాలు సగం ఎక్స్‌పెల్లర్‌లో ఇరుక్కుపోయాయి. సోలార్ పాడై ఆగలేదు. బ్యాటరీ లేని ఆన్-గ్రిడ్ ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోతే ఆగి తీరాలి, లేకపోతే సోలార్ కరెంటు లైన్లోకి ఎక్కి స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఈ సంగతి కొనకముందు ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఆయన ముఖం చూశాకే నేను ఈ వీడియోలు మొదలుపెట్టాను.

ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోండి. పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్ళకే, ఫ్యాక్టరీకి రాదు. బండల ఫ్యాక్టరీలో ప్యానెల్స్ మీద తెల్ల పొడి పేరుకుంటుంది, కడగడానికి నీళ్ళూ, మనిషీ ఉన్నారా అని ముందే చూసుకోండి.

లోన్ కావాలంటే, 2025లో కేంద్రం మొదలుపెట్టిన అడీటీ (ADEETIE) పథకం ఉంది. కరెంటు, ఇంధనం ఆదా చేసే మిషన్లకు తీసుకున్న అప్పు మీద చిన్న యూనిట్లకు 5 శాతం, మధ్యతరహా వాటికి 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. బట్టలు, ఆహార పదార్థాలు, ఇటుకలు లాంటి 14 రంగాలకే ఇది. ధర్మవరం మగ్గాలవాళ్ళూ, ప్రొద్దుటూరు మిల్లులవాళ్ళూ తమ బ్యాంకులో అడిగి చూడండి.

ఒంటిగంట అయింది. మిషన్లు ఆపేశారు. పెద్దాయన స్టార్టర్ దగ్గరికి పోతున్నారు...

ఆపేశారు. పొద్దున్నుంచీ ఉన్న శబ్దం ఇది, ఇప్పుడు లేదు. మీటర్ రీడింగ్ ఫోటో తీసుకుంటున్నాను. మీరు కూడా మీ దగ్గర అన్నానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి ఫోటో తీయండి. ఆ గంటలో ఎన్ని యూనిట్లు తిరిగాయో కామెంట్‌లో రాయండి, ఎక్కడ పోతున్నాయో కలిసి వెతుకుదాం.

(గంట తర్వాత)

రెండు గంటలు. ఫుట్ వాల్వ్ నీళ్ళు పట్టి ఉంచిందో లేదో ఇప్పుడు తెలుస్తుంది. పెద్దాయన బకెట్ పక్కనే పెట్టుకున్నారు, ఎందుకైనా మంచిదని. స్విచ్ వేస్తున్నారు. ఒకటి, రెండు, మూడు... వచ్చాయి నీళ్ళు. బకెట్ అవసరం పడలేదు.