ఆటలో శబ్దం తెగిపోతోందా? ఎలా తెగుతోందో ముందు వినండి

[తెర మీద: యుద్ధం ఆట. కాల్పుల మధ్యలో మోత ఆగిపోతుంది, బొమ్మ మాత్రం కదులుతూనే ఉంటుంది.]

వ్యాఖ్యానం: శబ్దం ఇలా ఆగిపోగానే చాలామంది సౌండ్ డ్రైవరు, అంటే శబ్ద పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్, తీసేసి మళ్ళీ ఎక్కిస్తారు. ఓపిక ఎక్కువున్నవాళ్ళు విండోస్‌నే కొత్తగా వేసుకుంటారు. అంత శ్రమ అక్కర్లేదు. శబ్దం పోయే తీరును బట్టే సగం కారణం తెలిసిపోతుంది.

చిటపటమంటూ తునకలు తునకలుగా తెగుతోందా? అదీ శత్రువులు గుంపుగా వచ్చినప్పుడే ఎక్కువవుతోందా? అయితే ప్రాసెసర్‌కు ఊపిరాడటం లేదు.

[తెర మీద: తరంగ రేఖ. దానిపై సమాన దూరంలో గీతలు.]

కంప్యూటర్ సాధారణంగా సెకనుకు 48,000 శబ్ద నమూనాలు వినిపిస్తుంది. విండోస్ వాటిని మామూలుగా 10 మిల్లీసెకన్లకు ఒక విడతగా, అంటే 480 చొప్పున అందుకుంటుంది. పంక్తి భోజనంలో వడ్డించేవాడు ఆలస్యం చేస్తే విస్తరి ఖాళీ అయినట్టే, తర్వాతి విడత వేళకు రాకపోతే అక్కడ నిశ్శబ్దమే. బొమ్మకు ఈ చిక్కు లేదు. కొత్త బొమ్మ ఆలస్యమైతే పాతదే తెర మీద నిలుస్తుంది, కన్ను సర్దుకుపోతుంది. చెవి అలా సర్దుకోదు. అందుకే ఆట సాఫీగా కనిపిస్తూనే శబ్దం చిరిగిపోతుంది.

టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ప్రాసెసర్ 100 శాతం దగ్గర ఉంటే, ఆట సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేటుకు, అంటే సెకనుకు చూపే బొమ్మల లెక్కకు, 60 దగ్గర పరిమితి పెట్టండి. నూట నలభై ఫ్రేములు చూసి మురిసిపోయేవారికి ఇది రుచించదు, కానీ శబ్దం కావాలంటే కొంత వదులుకోవాలి. ప్రాసెసర్ ఖాళీగానే ఉన్నా చిటపట ఆగకపోతే, ఏదో ఒక డ్రైవరు దారికి అడ్డంగా కూర్చుందని అనుమానించాలి. వైఫై డ్రైవరు తరచు పట్టుబడే దొంగ. వైఫై ఆపేసి, నెట్ అక్కర్లేని ఆట కాసేపు ఆడి చూడండి. దొంగ పేరు కచ్చితంగా తెలియాలంటే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ ఉంది.

[తెర మీద: బ్లూటూత్ హెడ్‌సెట్. మైక్ గుర్తు వెలుగుతుంది.]

స్నేహితుడు మాట్లాడటం మొదలుపెట్టగానే ఆట శబ్దం అణిగిపోతోందా? ఇది చెడిపోవడం కాదు, విండోస్ మర్యాద. కాల్ వచ్చిందనుకుని మిగతా శబ్దాలను 80 శాతం తగ్గిస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని పాత సౌండ్ విండోలో ‘కమ్యూనికేషన్స్’ ట్యాబ్‌కు వెళ్ళి, ఏమీ చేయవద్దు అని చెప్పే చివరి ఎంపికను నొక్కండి.

అణగడం కాదు, పాత ల్యాండ్‌లైన్‌లోంచి వస్తున్నట్టు మారిపోతోందంటే బ్లూటూత్ హెడ్‌సెట్ సంగతి చూడాలి. ఎక్కువ హెడ్‌సెట్లు వాడే సంప్రదాయ బ్లూటూత్‌లో మంచి స్టీరియో శబ్దం, మైక్ రెండూ ఒకేసారి నడవవు. మైక్ తెరవగానే హెడ్‌సెట్ ఫోన్ కాల్ పద్ధతికి దిగిపోతుంది. దిగే క్షణంలో శబ్దం కాస్త తెగుతుంది కూడా. ఆటలోనూ, మాట్లాడుకునే యాప్‌లోనూ మైక్‌గా ల్యాప్‌టాప్‌దే ఎంచుకోండి. మైక్ వాడకపోయినా బ్లూటూత్ శబ్దం తెగుతోందంటే చుట్టుపక్కల చూడండి. యూఎస్‌బీ 3.0 పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద చేస్తాయి, బ్లూటూత్ నడిచేదీ అక్కడే. కంప్యూటర్‌కు తగిలించే బ్లూటూత్ డాంగిల్‌ను యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ పక్కనుంచి దూరంగా జరపండి.

[తెర మీద: పాత్ర పెదవులు కదులుతాయి, మాట వినిపించదు.]

సంగీతం, అడుగుల చప్పుడు బాగున్నాయి, సంభాషణలు మాత్రం లేవు. ఇది తేలిక. విండోస్ గానీ ఆట గానీ మీకు 5.1 స్పీకర్లు, అంటే చుట్టూ అమర్చే ఆరు స్పీకర్ల జట్టు, ఉన్నాయనుకుంటోంది. మాటలు ఎక్కువగా మధ్య స్పీకరుకు వెళ్తాయి, మీ హెడ్‌ఫోన్‌కు అది లేదు. రెండు చోట్లా స్టీరియో అని పెట్టండి.

ఇక, ఒక్కసారిగా పూర్తిగా ఆగిపోయి, ఆట మూసి తెరిస్తే గానీ రాకపోవడం. శబ్దం బహుశా వేరే పరికరానికి వెళ్ళిపోయి ఉంటుంది. హెచ్‌డీఎంఐ మానిటర్ నిద్రపోయినా, ప్లేస్టేషన్ కంట్రోలర్‌ను కేబుల్‌తో తగిలించినా పరికరాల జాబితా మారుతుంది. కంట్రోలర్‌కు హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది కదా, విండోస్ దాన్నీ ఒక స్పీకరుగా లెక్కేస్తుంది. కొన్ని ఆటలు మొదట పట్టుకున్న పరికరాన్నే నమ్ముకుని ఉంటాయి, మార్పు వెంట రావు. సౌండ్ సెట్టింగ్స్‌లోని వాల్యూమ్ మిక్సర్‌లో ఆ ఆటకు మీ హెడ్‌ఫోన్‌నే ఎంచుకోండి. వాడని మానిటర్ స్పీకరు, కంట్రోలర్ స్పీకరు రెండింటినీ డిసేబుల్ చేసి, ఆటను మళ్ళీ తెరవండి.