ఈ జబ్బు డ్యూటీ వల్లే వచ్చిందని ఎవరు రుజువు చేయాలి?

[తెర మీద: దరఖాస్తు ఫారం. ఒక గడి చుట్టూ ఎర్ర గీత.]

నమస్తే. రిటైరైన పోలీసు ఒకాయన వైకల్య పెన్షన్‌కి దరఖాస్తు పెట్టాడనుకోండి. ఆయనకు జబ్బు ఉందా లేదా అన్నదాని మీద సాధారణంగా పెద్ద గొడవ ఉండదు. స్కానులు ఉంటాయి, డాక్టరు చీటీలు ఉంటాయి, మనిషి కళ్లెదుటే కుంటుతూ నడుస్తుంటాడు. గొడవంతా ఒక్క ప్రశ్న దగ్గర మొదలవుతుంది. ఇది ఉద్యోగం వల్ల వచ్చిందా? ఈ వీడియో ఆ ఒక్క ప్రశ్న గురించే. రిటైరైన వాళ్ల తరఫున మాట్లాడాలనుకునే కుటుంబ సభ్యులు, సంఘాల వాళ్లు ముందు దీన్ని అర్థం చేసుకోవాలి.

మెడికల్ బోర్డు ఏం చూస్తుందో తెలియడానికి బ్రిటన్‌లో 2006 నాటి పోలీసు గాయాల పరిహార నిబంధనలు మంచి ఉదాహరణ. అక్కడ డాక్టరు తేల్చాల్సినవి ఇవి: వైకల్యం శాశ్వతమా, డ్యూటీలో తగిలిన గాయం వల్లే వచ్చిందా, దానివల్ల సంపాదించే శక్తి ఎంత తగ్గింది.

[తెర మీద: నాలుగు మెట్లు. 25 శాతం వరకు, 26 నుంచి 50, 51 నుంచి 75, ఆ పైన.]

ఈ శాతాలు శరీరం ఎంత పాడైందన్న లెక్క కాదు, సంపాదన శక్తి ఎంత పోయిందన్న లెక్క. మోకాలు పోతే ఇంత, చెవి పోతే ఇంత అనుకుని బోర్డు ముందుకి వెళ్లేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. నొప్పి ఎంత ఉందో గంటసేపు చెప్తారు గానీ ఎంతసేపు కూర్చోగలరు, ఎంతసేపు నిలబడగలరు, ఏ పని చేయలేరు అన్నది చెప్పకుండానే బయటికి వచ్చేస్తారు.

సరే, మన అసలు ప్రశ్నకి వద్దాం.

బుల్లెట్ గాయానికి తేదీ ఉంటుంది, టైము ఉంటుంది, కేసు నంబరు ఉంటుంది. దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ పోలీసు ఉద్యోగంలో చాలా గాయాలు అలా రావు. ఫైరింగ్ రేంజ్ చప్పుడుకి చెవి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా మొద్దుబారుతుంది. నడుముకి కట్టుకున్న బెల్టు, ఒంటి మీది రక్షణ కవచం బరువు వెన్ను మీద పడుతూనే ఉంటుంది. ఇక మనసుకి తగిలిన దెబ్బ సంగతి సరేసరి. భయంకరమైన ఘటన ఎదురయ్యాక వచ్చే పీటీఎస్‌డీ అనే మానసిక సమస్యను అమెరికా సైకియాట్రీ సంఘం తన రోగనిర్ధారణ గ్రంథంలో చేర్చిందే 1980లో. ఘటన జరిగి ఆరు నెలలు దాటాక గానీ పూర్తి లక్షణాలు బయటపడని కేసులు ఉంటాయని ఇప్పుడు ఆ గ్రంథమే ఒప్పుకుంటుంది.

పైగా సర్వీసులో ఉన్నప్పుడు చాలామంది నోరు విప్పరు. నిద్ర పట్టట్లేదని చెప్తే తుపాకీ తీసుకుంటారేమో, ప్రమోషన్ ఆగుతుందేమో అన్న టెన్షన్. అందుకే రికార్డు ఖాళీగా ఉంటుంది. రిటైరయ్యాక అదే ఖాళీని చూపించి, సర్వీసులో ఎప్పుడూ చెప్పలేదు కదా అంటారు. ఆనాడు ఓర్చుకున్నదే ఈనాడు మెడకు చుట్టుకుంటుందన్నమాట.

[తెర మీద: 2001 సెప్టెంబర్, న్యూయార్క్. శిథిలాల మీద ధూళి.]

జేమ్స్ జడ్రోగా అనే న్యూయార్క్ డిటెక్టివ్ ఉగ్రదాడిలో కూలిన టవర్ల శిథిలాల్లో 450 గంటలకు పైగా పనిచేశాడు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. 2004లో వైకల్యంతో రిటైరయ్యాడు. 2006 జనవరిలో, 34 ఏళ్లకే చనిపోయాడు. పోస్ట్‌మార్టం చేసిన న్యూజెర్సీ డాక్టరు, ఆ ధూళి వల్లే చావు వచ్చిందని రాశాడు. మరుసటి ఏడు న్యూయార్క్ నగర ప్రధాన వైద్య పరీక్షాధికారి కాదన్నాడు. ఒకే మనిషి, అవే ఊపిరితిత్తులు, ఇద్దరు నిపుణులు, రెండు జవాబులు. చనిపోయిన మనిషి విషయంలోనే ఇలా ఉంటే, బతికుండి ఒంటరిగా ఫైలు పట్టుకుని తిరిగే రిటైర్డ్ పోలీసు సంగతి ఆలోచించండి.

జడ్రోగా పేరు మీదే ఒక చట్టం వచ్చింది. 2011 జనవరి 2న సంతకమైంది. అక్కడ పనిచేసిన వాళ్లకు వచ్చే జబ్బుల జాబితా ఒకటి అందులో ఉంది. 2012లో క్యాన్సర్లను కూడా ఆ జాబితాలో చేర్చారు. దాంతో ధూళికీ జబ్బుకీ సంబంధం ఉందని ప్రతి మనిషీ మొదటి నుంచి వాదించాల్సిన అవసరం చాలావరకు తప్పింది.

అయినా పోరాటం ఆగలేదు. 2019 ఫిబ్రవరికల్లా ఈ బాధితులకు డబ్బిచ్చే పరిహార నిధిలో డబ్బు చాలక, పెండింగులో ఉన్న క్లెయిములకు సగం, తర్వాత వచ్చేవాటికి 70 శాతం కోత ప్రకటించారు. జూన్ 11న లూయిస్ అల్వారెజ్ అనే రిటైర్డ్ డిటెక్టివ్ అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు కూర్చుని మాట్లాడాడు. అతనికి క్యాన్సర్. మర్నాడు 69వ కీమోథెరపీ. అదే నెల 29న చనిపోయాడు. సరిగ్గా నెలకి, జూలై 29న, ఆ నిధిని కొనసాగించే కొత్త చట్టం మీద సంతకం పడింది. ఇప్పుడు క్లెయిములకు గడువు 2090 దాకా ఉంది. చావుబతుకుల్లో ఉన్న మనిషి వచ్చి అడిగితే తప్ప పని కదలకపోవడం నాకైతే మింగుడుపడదు.

[తెర మీద: తక్కెడ. బరువు ఒక పళ్లెం నుంచి రెండో పళ్లేనికి మారుతుంది.]

ఇలాంటి పెద్ద ఘటన లేని మామూలు పోలీసుకి దారేంటి? కొన్ని చోట్ల రుజువు భారాన్నే అవతలి పక్కకి మార్చారు. కెనడాలోని ఒంటారియోలో 2016లో వచ్చిన చట్టం ప్రకారం పోలీసుకి పీటీఎస్‌డీ ఉందని నిపుణులు తేలిస్తే, అది ఉద్యోగం వల్లే వచ్చిందని ముందే అనుకోవాలి. కాదనేవాళ్లే కాదని చూపించాలి. కాలిఫోర్నియాలో ఇలాంటి నియమమే 2020 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది.

నా ఉద్దేశంలో సంఘాలు అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. పెన్షన్‌లో నాలుగు రూకలు పెంచమనడం కంటే దీనికే బలం ఎక్కువ. ఎందుకంటే మొదటి గేటు దగ్గరే ఆగిపోయిన వాడికి పెరిగిన పెన్షన్ ఎలాగూ అందదు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. రిటైరైన వాళ్లకి ఈ వెసులుబాటు కొంతకాలమే ఉంటుంది. ఒంటారియోలో ఉద్యోగం మానేసిన 24 నెలల్లోపు జబ్బు తేలాలి. కాలిఫోర్నియాలో పూర్తి చేసిన ఒక్కో సర్వీసు ఏడాదికి మూడు నెలల చొప్పున, ఎంత ఎక్కువైనా 60 నెలల వరకే. ఆలస్యంగా బయటపడే జబ్బుకి ఇంత తొందర గడువు పెట్టడం ఎంతవరకు న్యాయమో సంఘాలు గట్టిగా అడగాలి. చట్టం మారేలోపు మనం చేయాల్సింది మాత్రం ఒకటే: లక్షణం కనిపించిన వారమే డాక్టరు దగ్గరికి వెళ్లి రాయించుకోవడం. ఓర్చుకునే రోజులు సర్వీసుతోనే అయిపోయాయి.

[తెర మీద: కాగితాల కట్ట.]

రికార్డు ఖాళీగా ఉంటే ఎలా నింపాలి? డ్యూటీ రోస్టర్లు, బదిలీ ఉత్తర్వులు, సిక్ లీవు కాగితాలు, ఆ రోజుల్లో వచ్చిన పేపరు కటింగులు, అన్నీ పనికొస్తాయి. వాటికంటే విలువైనది పక్కన పనిచేసిన వాళ్ల వాంగ్మూలం. "చాలా కష్టపడేవాడు" అని రాస్తే లాభం లేదు. ఏ ఏడాది, ఏ ఘటన, ఆ తర్వాత మనిషిలో ఏం మారింది, తను స్వయంగా ఏం చూశాడు, ఇవి రాయాలి. భార్యో, భర్తో రాసే కాగితానికి కూడా బరువుంటుంది. రాత్రి ఎన్నిసార్లు లేస్తారో బోర్డుకి తెలియదు, ఇంట్లో వాళ్లకి తెలుసు.

డాక్టరు దగ్గర జబ్బు పేరు ఒక్కటే రాయించుకుని వచ్చేయకండి. ఆ జబ్బుకీ చేసిన డ్యూటీకీ సంబంధం ఉందని తను ఎందుకు అనుకుంటున్నారో, దానివల్ల ఏ పనులు చేయలేరో కూడా రాయమని అడగండి. సర్వీసు వివరాలు ముందే ఒక పేజీలో రాసి ఇస్తే ఆయన పని తేలికవుతుంది.

దరఖాస్తు తిరస్కరిస్తే ఆ ఉత్తరాన్ని కోపంతో పక్కన పడేయొద్దు. కవరు కూడా దాచండి, అందిన తేదీ దాని మీద రాసి పెట్టుకోండి. చాలా చోట్ల అప్పీలు గడువు ఆ తేదీ నుంచే మొదలవుతుంది. ఆ తర్వాత కారణం చదవండి. జబ్బు లేదన్నారా, ఉద్యోగంతో సంబంధం లేదన్నారా, లేక శాతం తక్కువన్నారా? అప్పీలులో సరిగ్గా ఆ ఒక్క కారణానికే జవాబు, దానికి తగ్గ కాగితం జతచేసి పంపండి.