లేయర్లను కలిపేయకండి
(ఒంగోలులో డిజైనర్లు, ప్రెస్సుల వారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, ఒంగోలు, దర్శి, మార్కాపురం, కావలి ప్రాంతాల నుంచి చేతిలో పనులు ఆపుకొని వచ్చిన డిజైనర్లకు, ఫ్లెక్సీ, ఆఫ్‌సెట్ ప్రెస్సుల యజమానులకు నమస్కారం. సంక్రాంతి పోస్టర్ల రద్దీ మొదలయ్యే రోజుల్లో మీకు ఒక పూట తీరిక దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు కనుక నేరుగా విషయానికి వస్తాను.

వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన బొమ్మను లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన విడి పొరలు, చెదరకుండా ఇమేజ్ ఎడిటర్‌లోకి ఎలా పంపాలన్నది ఈరోజు నాకు అప్పగించిన అంశం. ఇలస్ట్రేటర్, కోరల్‌డ్రా, ఇంక్‌స్కేప్ వంటివి గీతను బిందువులుగా, వంపులుగా దాచుకుంటాయి కాబట్టి బొమ్మను ఎంత పెంచినా అంచు చెదరదు. ఫోటోషాప్, గింప్ వంటివి ప్రధానంగా పిక్సెళ్లతో, అంటే చిన్న చిన్న రంగు చుక్కలతో, పనిచేస్తాయి. మన బండలాగుడు పోటీల పోస్టర్‌నే తీసుకోండి. కొమ్ములు, కాడి, పగ్గం, అక్షరాలు వెక్టర్‌లో నిక్కచ్చిగా వస్తాయి. బండ వెనుక లేచే దుమ్ము, మూపురం మీద పడే ఎండ, గంగడోలు ముడతల్లోని నీడ మాత్రం ఫోటోషాప్ బ్రష్‌తోనే సహజంగా వస్తాయి. అందుకే మనకు రెండూ కావాలి, రెండింటి మధ్య బొమ్మ సవ్యంగా దాటాలి.

ఇలస్ట్రేటర్‌లో ఎక్స్‌పోర్ట్ యాజ్‌కు వెళ్లి ఫోటోషాప్ ఫైలు రకమైన పిఎస్‌డి ఎంచుకున్నాక వచ్చే పెట్టెలో రైట్ లేయర్స్ (Write Layers)ను, దాని కిందనే ఉన్న మాక్సిమమ్ ఎడిటబిలిటీని టిక్ చేయాలి. అప్పుడు పైస్థాయి లేయర్లు ఫోటోషాప్‌లో గ్రూపులుగానూ, వాటిలోని సబ్‌లేయర్లు విడి లేయర్లుగానూ చేరతాయి. విడదీస్తే బొమ్మ రూపమే మారుతుందనుకున్న చోట ప్రోగ్రామ్ వాటిని కలిపేస్తుంది. కనుక ఎక్స్‌పోర్ట్ నొక్కే ముందే దుమ్ము పడాల్సిన కాళ్లను ఒక లేయర్‌లో, బండను ఇంకొక దానిలో పెట్టి, ప్రతిదానికీ పేరు రాయండి. అలాగే ఫైలు ప్రింటింగ్‌కు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో ఉంటే ఎక్స్‌పోర్ట్ కూడా సీఎంవైకేలోనే చేయండి. అక్కడ కలర్ మోడల్ మార్చారా, లేయర్లు దక్కవు. కోరల్‌డ్రా వాడేవారు పిఎస్‌డి ఎక్స్‌పోర్ట్‌లో మెయింటెయిన్ లేయర్స్ టిక్ ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఒక ఊరి కమిటీ కోసం ఒక రైతు గారి ఒంగోలు గిత్తల జతను చూసి పోస్టర్ గీశాను. వలపటి గిత్త, దాపటి గిత్త, కాడి, బండ, దుమ్ము, విభాగాల వివరాలు, ఇలా దేనికది లేయర్‌గా పెట్టి, ఫోటోషాప్‌లో దుమ్మూ ఎండా వేసి, పిఎస్‌డిని ఒక ప్రెస్సుకు పంపాను. ఫైలు బరువుగా ఉందని అక్కడివారు లేయర్లన్నీ కలిపేసి అదే పేరు మీద సేవ్ చేశారు. తరువాత, పళ్లను బట్టి ఎడ్ల వయసు లెక్కించి పెట్టే పోటీల్లో ఆరు పళ్ల విభాగం తేదీ మారింది. తేదీ లేయర్ విడిగా ఉంటే రెండు నిమిషాల్లో అయిపోయే ఆ పనికి, వారు పాత అక్షరాల మీద పక్కనున్న నేలను కోసి అతికించారు. ఆ అతుకు కింద దాపటి గిత్త ముందరి కాలు సగం మాయమైంది. ఫ్లెక్సీ రోడ్డు మీదికి ఎక్కాక ఆ రైతు గారు దాని ముందు నిలబడి, "ఏందయ్యా, నా గిత్త కాలేమైంది?" అని అడిగారు. బిడ్డలా సాకుకున్న పశువు అది, పోటీకి దిగబోయే పశువు. ఆయనకు నేను లేయర్ల గురించి ఏమని చెప్పాలి? మీరే చెప్పండి, ఏమని చెప్పాలి?

నా దగ్గర ఇలస్ట్రేటర్ ఫైలు ఉంది. కానీ ఎక్స్‌పోర్ట్ ఒకవైపు దారి. ఫోటోషాప్‌లో వేసిన దుమ్ము, నీడ తిరిగి వెక్టర్ ఫైల్లోకి రావు. ఆ పని అంతా ఆ ఒక్క పిఎస్‌డిలోనే ఉంటుంది, దానిని కలిపేస్తే పోతుంది. అందుకే బతిమాలి చెబుతున్నాను, లేయర్లను కలిపేయకండి.

ఫైలు బరువు గురించి ప్రెస్సులవారు చెప్పే ఇబ్బంది నిజమైనదే, కాని దానికి మందు వేరే ఉంది. పదడుగుల ఫ్లెక్సీ అంటే 120 అంగుళాలు. దానికి 300 పీపీఐ, అంటే అంగుళానికి 300 పిక్సెళ్లు, పెడితే మొత్తం 36,000 పిక్సెళ్లు అవుతాయి, పిఎస్‌డి ఫైలేమో ఒక పక్కకు 30,000 దాటి ఒప్పుకోదు. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 72 పీపీఐ సరిపోతుంది, అప్పుడు అదే పదడుగులు 8,640 పిక్సెళ్లలో ఇముడుతుంది. చేతిలో పట్టుకొని చదివే కరపత్రానికి మాత్రం 300 ఉండాలి. కొలత ముందే అడిగి తెలుసుకుంటే, లేయర్లన్నీ ఉన్నా మీ మెషిన్లు మొరాయించవు.

తెలుగు అక్షరాల విషయం మరీ ముఖ్యం. ప్రెస్సుల్లో వాడే అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాల పద్ధతి) కావు కాబట్టి అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే తెలుగు స్థానంలో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడతాయి. యూనికోడ్ ఫాంటు అయినా, పాత ఫోటోషాప్ వెర్షన్లలో భారతీయ భాషలకు తగిన టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోకపోతే ఒత్తులు, గుణింతాలు విడిపోతాయి. అందుచేత పంపే కాపీలో అక్షరాలను ఇలస్ట్రేటర్‌లో క్రియేట్ ఔట్‌లైన్స్‌తో, కోరల్‌లో కర్వ్స్ చేసి, అంటే ఫాంటుతో పనిలేని బొమ్మ గీతలుగా మార్చి, పంపండి. దిద్దడానికి వీలున్న అక్షరాలతో అసలు ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి. ఒకసారి కర్వ్స్ అయిన తేదీని మళ్లీ టైపు చేసుకోవాల్సిందే.

డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేని కుర్రవాళ్లు ఇంక్‌స్కేప్‌లో ఒక్కో లేయర్‌ను పూర్తి పేజీ కొలతతో పిఎన్‌జీగా తీసుకొని, గింప్‌లో ఓపెన్ యాజ్ లేయర్స్‌తో అన్నింటినీ ఒకేసారి తెరవవచ్చు. కొలత ఒక్కటే అయినందువల్ల ఏ ముక్క ఎక్కడ ఉండాలో అక్కడే కూర్చుంటుంది. జేపీజీ తీసుకోవద్దు, దానిలో పారదర్శకత నిలవదు.

ప్రెస్సుల యజమానులకు నాది ఒక్కటే విన్నపం. ప్రింటుకు కలిపిన కాపీ కావాలంటే సేవ్ యాజ్‌తో వేరే పేరు మీద చేసుకోండి, డిజైనర్ పంపిన పిఎస్‌డి మీద సేవ్ కొట్టవద్దని మీ ఆపరేటర్లకు ఈ రోజే చెప్పండి. ఇప్పుడు తెర మీద ఆ గిత్తల ఫైలునే తెరిచి ఒక్కో మెట్టూ చేసి చూపిస్తాను. వెనుక కూర్చున్న ఆపరేటర్లు దయచేసి ముందు వరుసల్లోకి రండి.